రికర్షన్ ఆగిన చోట స్టాక్



ముద్ఖేడ్‌లో నేను చదువుకునే రోజుల్లో స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆదాయ ధ్రువపత్రం, దానికి రేషన్ కార్డు నకలు కావలసి వచ్చాయి. నాన్నగారు దరఖాస్తు మీద ధ్రువపత్రం ఫారం, దానిమీద నకలు చీటీ పెట్టారు. పైనున్న పని పూర్తయ్యాకే కిందిది తీసేవారు. కంప్యూటర్ శాస్త్రంలో ఇదే స్టాక్.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఏ ప్రోగ్రాముకు ముందు ఏది ఇన్‌స్టాల్ కావాలో వరుస చెప్పే సాఫ్ట్‌వేర్‌ను పైథాన్‌లో రాశాను. అందులో ఫంక్షన్ తనను తానే పిలుచుకుంటుంది, ఇదే రికర్షన్. చిన్న పరీక్షల్లో నెగ్గింది. పొడవైన గొలుసు ఇవ్వగానే ఆగిపోయింది. పైథాన్‌లో పిలుపుల లోతుకు మామూలు హద్దు 1000. ఆ హద్దు బాగా పెంచి చూశాను. పిలుపులకు కేటాయించిన మెమరీ చాలక ప్రోగ్రామే కూలింది.

అప్పుడు నాన్నగారి కాగితాలు గుర్తొచ్చాయి. ఒక లిస్టునే స్టాక్‌గా పెట్టుకుని, వైల్ లూప్‌తో తిరగరాశాను:

1. పైనున్న పనికి కావలసినది ఏదైనా మిగిలితే, దాన్ని పైన పెట్టాలి.
2. ఏదీ మిగలకపోతే, ఆ పనిని తీసి వరుసలో రాయాలి.
3. పెట్టబోయేది అప్పటికే స్టాక్‌లో ఉంటే, అది చక్రం. వరుస కుదరదని చెప్పి ఆపాలి.

ఈ లిస్టుకు 1000 హద్దు వర్తించదు. పై మూడు కాగితాలతో మీరూ నోటుబుక్కులో చేసి చూడండి. తల్లిదండ్రులకు ఒక మనవి: పిల్లల ప్రోగ్రాము ఆగిపోతే కోప్పడకండి, ఎక్కడ ఆగిందో అడగండి.