గాలి ఆగింది, తుఫాను ఆగలేదు

కోనసీమలో ఒక ఊరు. ఆకాశం మూసుకొచ్చింది. తుఫాను వస్తుందని రేడియోలో చెప్పారు.

"అత్తా, గొడ్డుని విప్పేశాను. బియ్యం అటక మీద పెట్టాను" అంది కోడలు.

"మంచి పని చేశావే. ఒక్క మాట గుర్తుంచుకో. మధ్యలో గాలి ఆగిందని గుమ్మం దాటకు" అంది అత్త.

"గాలి ఆగితే ఇంక భయమేముంది?"

"నేనూ అలాగే అనుకున్నాను. 96 తుఫానులో ముందు ఉత్తరం గాలి కొట్టింది. ఉన్నట్టుండి ఆగింది. దూడని చూద్దామని బయటికెళ్లాను. ఇంతలో దక్షిణం నుంచి గాలి విరుచుకుపడింది. కొబ్బరి చెట్టు నా పక్కనే కూలింది. వెంట్రుకవాసిలో బతికాను."

ఎందుకిలా జరుగుతుంది?

ఎండకి సముద్రం వేడెక్కుతుంది. నీరు ఆవిరై పైకి పోతుంది. పైన చల్లబడి మబ్బు అవుతుంది. అప్పుడు ఆవిరిలోని వేడి గాలికి చేరుతుంది. వేడెక్కిన గాలి ఇంకా పైకి లేస్తుంది. ఆ చోటికి చుట్టుపక్కల గాలి పరుగున వస్తుంది. భూమి తిరుగుతోంది కదా! అందుకే ఆ గాలి తిన్నగా రాదు. వంపు తిరుగుతుంది. సుడి అవుతుంది.

గోదావరిలో సుడి చూశారా? నీరు చుట్టూ గిర్రున తిరుగుతుంది. నడుమ గుంట పడుతుంది. తుఫాను కూడా అలాంటిదే. దాని నడుమ గాలి ఉండదు. దాన్ని 'తుఫాను కన్ను' అంటారు. కన్ను చుట్టూ ఉన్న గాలే అన్నిటికన్నా జోరైనది. కన్ను మన ఊరి మీదికి వస్తే గాలి ఆగుతుంది. కన్ను దాటగానే ఎదుటి వైపు నుంచి మళ్లీ కొడుతుంది.

నేల మీదికి వచ్చాక తుఫానుకి సముద్రపు ఆవిరి అందదు. మెల్లగా బలం తగ్గుతుంది.

1996 నవంబరు 6

ఆ రోజు కాకినాడకు దక్షిణాన తుఫాను తీరం దాటింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. లక్షల కొబ్బరి చెట్లు కూలాయి.

మనం ఏం చేయాలి?

రేవుల్లో ప్రమాద సూచికలు ఎగరేస్తారు. వాటికి 1 నుంచి 11 వరకు అంకెలుంటాయి. 8, 9, 10 అంటే పెద్ద ప్రమాదం. ఇప్పుడు మీకు అంకెలు వచ్చు. పేపరులో మీరే చదవండి. పక్కింటివారికి చెప్పండి. పాక వదిలి గట్టి భవనానికి ముందే వెళ్లండి. తుఫాను దాటిపోయిందని అధికారులు చెప్పేదాకా బయటికి రాకండి.

చెప్పండి - రాయండి

1. తుఫాను కన్ను అంటే ఏమిటి?
2. గాలి ఆగినా బయటికి ఎందుకు రాకూడదు?
3. మీ ఊళ్లో గట్టి భవనం ఏది? దాని పేరు రాయండి.