ప్రాణము తీయక చీమను గుర్తించుట

చీమ ఏ జాతిదో నిర్ణయించుటకు శాస్త్రజ్ఞులు దానిని స్పిరిటులో నిలువచేసి సూక్ష్మదర్శిని క్రింద పరీక్షింతురు. మనకు ఆ పద్ధతి తగదు, అంత అవసరమును లేదు. భూతద్దమును, కొంత ఓర్పును ఉన్నచో దక్షిణదేశపు పెద్ద చీమలను చాలవరకు అవి తిరుగు చోటనే పోల్చుకొనవచ్చును.

మొదట అది చీమ అగునో కాదో చూడవలెను. తొలకరిలో దీపముల చుట్టు మూగు ఉసిళ్ళు చీమలు కావు, రెక్కలు వచ్చిన చెదలు. చెదపురుగుకు నాలుగు రెక్కలును ఒకే పొడవు, మీసములు తిన్ననివి, నడుము లావు. రెక్కల చీమకు ముందు రెక్కలు పెద్దవి, మీసములు మోచేతివలె వంగియుండును, నడుము సన్నము. ఖాతా పుస్తకములు దాచుకొను వర్తకులకు ఈ భేదము తెలియుట మేలు. కాగితమును తినునవి చెదలే.

పిమ్మట నడుము. అక్కడ కొన్ని చీమలకు ఒక కణుపు, కొన్నిటికి రెండు ఉండును. గండుచీమకు ఒకటే. ఒకే పుట్టలో చిన్న తలలవియు పెద్ద తలలవియు కలిసి తిరుగును. శాస్త్రజ్ఞులు దీనిని కాంపొనోటస్ అందురు. దీనికి కుట్టు ముల్లు లేదు. కరచి ఆమ్లమును చిమ్మును. మామిడాకులతో గూడు కట్టు ఎర్రచీమ ఈకోఫిల్లా. ఆకులనంటించు పట్టుదారము పెద్దచీమలది కాదు, వాని పిల్లపురుగులది. పెద్దవి పిల్లపురుగును నోట కరచుకొని, సాలెవాని నాడెవలె అటునిటు త్రిప్పును!

రెండు కణుపులుండి, తలయు పొట్టయు నలుపై, నడిమి భాగము ఎరుపైనది టెట్రాపొనెరా. ఎండుకొమ్మలలో కాపురముండును. కుట్టినచో మంట తీవ్రము. చొక్కామీద ప్రాకినపుడు నలుపక కాగితముతో తీసి విడుచుట ఉభయులకును క్షేమము.

తత్త్వార్థసూత్రమునందు చీమను త్రీంద్రియ జీవికి ఉదాహరణముగా చదివిన మనకు హార్పెగ్నాథస్ వింతగా తోచును. పెద్ద కన్నులు, పొడుగాటి దవడలు. ఒంటరిగా వేటాడుచు, ఎరను కంటితో చూచి ఎగిరి పట్టును. దీనిని 1851లో వర్ణించిన జెర్డన్ నెల్లూరులో వైద్యుడుగా పనిచేసినవాడు. ఈ కంటిచూపు సంగతిని శాస్త్రముతో ఎట్లు సమన్వయించవలెనో పండితులే సెలవియ్యవలెను.

ఇట్లు మనకు తెలియునది ప్రజాతి, అనగా దగ్గరి జాతుల గుంపు మాత్రమే. ఈకోఫిల్లాకు మన దేశమున ఒకే జాతి గనుక చిక్కు లేదు. గండుచీమలలో జాతులు అనేకము. సెల్‌ఫోను బొమ్మ చూచి వాని జాతిపేరు ఢంకా బజాయించి చెప్పువారిని నేను నమ్మను.

మామిడిచెట్టు ఎర్రచీమలను చూచునపుడు కాళ్ళు లెక్కించుడు. ఆరుకు బదులు ఎనిమిది ఉండి, ముందుకాళ్ళను మీసములవలె ఎత్తి నడచుచున్నచో అది చీమ కాదు, చీమ వేషము వేసిన సాలెపురుగు.