నాదానికి కళ్లెం

గిటారు తీగ కంపనం వల్ల పుట్టే విద్యుత్ సంకేతం అత్యల్పం. దానిని పెంచి స్పీకరును పలికించేది యాంప్లిఫయరు. ట్రాన్సిస్టర్లు వచ్చిన పిదప కూడా గిటారు వాదకులు పలువురు వాక్యూమ్ ట్యూబుల యాంప్లిఫయరును విడువలేదు. ట్యూబు తన శక్తికి మించి శ్రమించినప్పుడు నాదంలో కలిగే బొంగురుదనమే వారికి ప్రీతిపాత్రం. దానికోసం వాల్యూము పెంచితే ఇరుగుపొరుగువారికి నిద్ర కరవు. తగ్గిస్తే నాదం చప్పబడుతుంది.

అందుచేత తొలి ట్యూబుల తరువాత మాస్టర్ వాల్యూము అనే రెండవ నియంత్రణను అమర్చారు. మొదటిదానిని పెంచి దీనిని తగ్గిస్తే బొంగురుదనం నిలుస్తుంది, మోత తగ్గుతుంది. అయితే చివరి పవర్ ట్యూబులకు శ్రమ ఉండదు కనుక ఆ నాదంలో నిండుదనం కొరవడుతుంది.

మరొక మార్పు సూక్ష్మతరం. టెలిఫోను మాటలలోని వికృతిని తొలగించడానికి 1927లో అమెరికా ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ నెగెటివ్ ఫీడ్‌బ్యాక్‌ను కనుగొన్నాడు. మైకు ముందు వినిపించే కీచుధ్వని వేరు, ఇది వేరు. స్పీకరుకు చేరే సంకేతంలో కొంత వెనుకకు మళ్లించి, మూలసంకేతానికి వ్యతిరేకంగా కలిపితే వికృతి తగ్గుతుంది. దానితోపాటు వర్ధనమూ తగ్గుతుంది. 1959 నాటి ఫెండర్ బాస్‌మన్‌లో ఈ మార్గాన 27 కిలో ఓముల నిరోధం ఉండేది. దానికి వరుసగా, మార్చదగిన మరొక నిరోధాన్ని చేర్చి పెంచితే కళ్లెం వదులై నాదం మోటుదేరుతుంది. ఇంజనీరు తుడిచిన మరకను వాదకుడు తిలకంగా దిద్దుకొన్నాడు!

ఈ పనిలో ప్రాణాపాయం ఉంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. తగిన నిరోధం ద్వారా దానిని ఖాళీచేసి, మీటరుతో నిర్ధారించుకొన్న పిదపనే నిపుణుడైనా లోపల చేయి పెడతాడు.