పోలీసు అధికారి చదువు, శిక్షణ, హోదా

రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలు ప్రకారం పోలీసు వ్యవస్థ రాష్ట్రాల జాబితాకు చెందినది. అందువల్ల పోలీసు ఉద్యోగికి ఎంత చదువు ఉండాలి, ఎటువంటి పరీక్ష పెట్టాలి అన్నది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయించుకుంటుంది. అనంతపురం నుంచో చిత్తూరు నుంచో వచ్చి బెంగళూరులో స్థిరపడిన కుటుంబానికి పదవుల పేర్లు పరిచితంగానే తోస్తాయి గాని, నియామక నిబంధనలూ ఠాణాలో వ్యవహారభాషా కర్ణాటకవి. బల్లకు అవతల కూర్చున్న ఉద్యోగి ఏ హోదాలో ఉన్నాడో, ఏ పనికి అర్హుడో తెలియకపోతే ఫిర్యాదు చేరవలసిన చేతికి చేరక నెలలు గడిచిపోయే ప్రమాదం ఉంది.

కర్ణాటకలో సివిల్ కానిస్టేబులు ఉద్యోగానికి పీయూసీ, అనగా తెలుగు రాష్ట్రాలలో ఇంటర్మీడియటు, ఉత్తీర్ణత కనీసార్హత. సాయుధ రిజర్వు బలగానికి పదవ తరగతి చాలు. ఊరేగింపుల వద్ద, సభల వద్ద బందోబస్తుకు నిలిచేవారిలో అధికులు ఈ రెండవ వర్గంవారే. కేసుల దర్యాప్తు వారి పని కాదు. సబ్-ఇన్‌స్పెక్టరు నేరుగా నియమితుడు కావాలంటే పట్టభద్రుడై ఉండాలి. అయితే కానిస్టేబులుగా చేరి, హెడ్ కానిస్టేబులు, అసిస్టెంటు సబ్-ఇన్‌స్పెక్టరు మెట్లెక్కి ఆ హోదాకు వచ్చినవారూ ఉంటారు. డిగ్రీ లేదన్న కారణంతో వారిని తక్కువగా చూడడం పొరపాటు. పేట గుట్టుమట్లు వారికి తెలిసినంతగా కొత్త పట్టభద్రులకు తెలియవు.

సబ్-ఇన్‌స్పెక్టరు పరీక్షలో రెండు పత్రాలుంటాయి. మొదటిది 50 మార్కుల రాతపరీక్ష. అందులో వ్యాసంతో పాటు కన్నడ, ఆంగ్లముల మధ్య అనువాదం కూడా ఉంటుంది. రెండవది 150 మార్కుల బహుళైచ్ఛిక పత్రం. ఈ పరీక్ష నిజాయితీ ఎంత విలువైనదో ఇటీవలి చరిత్రే చెబుతుంది. 545 పోస్టులకు 2021 అక్టోబరు 3న జరిగిన పరీక్షలో జవాబు పత్రాలు దిద్దారనీ, బ్లూటూత్ పరికరాలు వాడారనీ ఆరోపణలు వెలువడ్డాయి. సీఐడీ దర్యాప్తు నియామక విభాగపు పై అధికారుల దాకా వెళ్లి, అరెస్టులకు దారితీసింది. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం పరీక్షను రద్దుచేసింది. కష్టపడి చదివి ఎంపికైనవారు న్యాయస్థానానికి వెళ్లారు. 2023 నవంబరులో హైకోర్టు రద్దును సమర్థిస్తూ, స్వతంత్ర సంస్థతో తిరిగి పరీక్ష జరిపించాలని ఆదేశించింది. 2024 జనవరి 23న మళ్లీ పరీక్ష జరిగింది. ఈ రెండేళ్లకు పైబడిన కాలంలో నష్టపోయినవారు అభ్యర్థులే కారు. భర్తీ కాని ప్రతి స్థానపు పనీ ఉన్న అధికారుల నెత్తిన పడింది, వారి బల్లమీది ఫైళ్లలో సామాన్యుల ఫిర్యాదులే ఉన్నాయి.

ఎంపిక తరువాత శిక్షణ. రాష్ట్రాధికారులకు మైసూరులోని కర్ణాటక పోలీసు అకాడమీ ప్రధాన కేంద్రం. ఐపీఎస్‌కు ఎంపికైనవారు ముస్సోరీలో ప్రాథమిక కోర్సు ముగించి హైదరాబాదులోని సర్దార్ వల్లభ్‌భాయి పటేల్ జాతీయ పోలీసు అకాడమీకి వస్తారు. 1948లో మౌంట్ అబూలో ఆరంభమైన ఆ సంస్థ 1975లో హైదరాబాదుకు తరలింది. పోలీసు శిక్షణను పరిశీలించడానికి 1971లో కేంద్రం నియమించిన గోరే కమిటీ, శాంతిభద్రతలు, నేర నివారణలతో పాటు మానవ స్వభావాన్ని అర్థంచేసుకునే పాఠ్యాంశాలు కూడా ఉండాలని సూచించింది. కవాతు నేర్పడం సులభం, ఏడుస్తూ వచ్చిన మనిషి మాట ఓపికగా వినడం నేర్పడం కష్టం. 2024 జూలై 1న కొత్త నేర చట్టాలు అమలులోకి రావడంతో పాత అధికారులూ తిరిగి విద్యార్థులు కావలసివచ్చింది. హత్యకు 302, మోసానికి 420 అని దశాబ్దాలుగా నాలుకపై నిలిచిన అంకెలు భారతీయ న్యాయ సంహితలో 103, 318గా మారాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి మాత్రం పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది.

కొన్ని నేరాలలో దర్యాప్తు అధికారి హోదాను చట్టమే నిర్దేశిస్తుంది. సమాచార సాంకేతిక చట్టం కింది నేరాన్ని ఇన్‌స్పెక్టరుకు తక్కువ హోదావారు దర్యాప్తు చేయరాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక నిబంధనల ప్రకారం డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. బెంగళూరు కమిషనరేటులో ఆ స్థాయి అధికారిని ఏసీపీ అంటారు. లైంగిక నేరానికి గురైన బాలబాలికల వాంగ్మూలాన్ని సాధ్యమైనంతవరకు సబ్-ఇన్‌స్పెక్టరుకు తక్కువ కాని మహిళా అధికారి, యూనిఫారం ధరించకుండా తీసుకోవాలి. హోదాను భుజాన్ని చూసి గుర్తించవచ్చు: ఎరుపు, నీలం పట్టీతో ఒక నక్షత్రం ఉంటే అసిస్టెంటు సబ్-ఇన్‌స్పెక్టరు, రెండుంటే సబ్-ఇన్‌స్పెక్టరు, మూడుంటే ఇన్‌స్పెక్టరు. పట్టీ లేకుండా మూడు నక్షత్రాలుంటే ఏసీపీ. అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనబడేలా గుర్తింపు ధరించి ఉండాలన్నదీ చట్టనియమమే.

నోటితో చెప్పిన ఫిర్యాదును ఠాణా అధికారి గాని, ఆయన ఆదేశంపై మరొకరు గాని రాసి, ఫిర్యాదికి చదివి వినిపించి, ఆ తరువాతనే సంతకం తీసుకోవాలి. కన్నడ లిపి రానివారికి ఈ చదివి వినిపించడమే రక్ష. తెలిసిన భాషలో భావం అడిగి తెలుసుకొని, చెప్పిన తేదీ, సొమ్ము మొత్తం, పేర్లు అందులో ఉన్నాయని నిర్ధారించుకున్నాకే సంతకం చేయడం మేలు. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. నేరం వేరే ఊళ్లో జరిగిందని విచారణార్హమైన నేరం నమోదును నిరాకరించరాదు. తిరుపతి నుంచి వచ్చే దారిలో నగలు పోయినా బెంగళూరు ఠాణాలో ఫిర్యాదు ఇవ్వవచ్చు. నమోదుకు నిరాకరిస్తే, ఫిర్యాదు సారాంశాన్ని రాతపూర్వకంగా, తపాలా ద్వారా ఎస్పీకి పంపాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను చెబుతుంది. నగరంలో ఆ స్థాయి అధికారి డీసీపీ. అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేసుకోవచ్చు. అప్పుడు తపాలా రసీదును జతపరచడం అవసరమవుతుంది.