ముందు దిండు చూడండి

మా ఆయనకి ఉబ్బసం, మనవడికి పొద్దున లేస్తూనే వరసగా తుమ్ములు. ఎలర్జీ పరీక్షకని వాడి ముంజేతి మీద డాక్టరమ్మ చుక్కలు వేసి గుచ్చితే దుమ్ము పురుగు చుక్క దగ్గరే దద్దురు లేచింది. కాకినాడ ఉప్పుగాలిలో ఈ ఇద్దరికీ పక్కలు వేసి, తీసి, ఉతికి తెలుసుకున్నవి రాస్తున్నాను.

1. రోడ్డు దుమ్మును తిట్టుకోకండి. ఈ పురుగు తినేది మన ఒంటి మీంచి రాలే చర్మపు పొట్టు. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు, కుట్టదు. దాని పెంటలో ఉండే జీర్ణరసాలే ముక్కుకి పడవు. ఇంటి దుమ్ములో అసలు దోషి ఇదేనని 1964లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు బయటపెట్టారు.

2. హాలు అద్దంలా తుడిచి, ఏళ్లనాటి దిండు మీద పిల్లాణ్ణి పడుకోబెడితే ఏం లాభం? రాత్రంతా ముఖం ఆనేది అక్కడే. పాత బూరుగుదూది దిండు గలీబు తీసి చూడండి: చెమట మరకలు, లోపల గడ్డకట్టిన దూది. దాన్ని ఉతకలేం, పారెయ్యడమే మేలు. కొత్తది ఉతకడానికి వీలైనది కొనండి. దానికీ పరుపుకీ దగ్గర నేత ఉన్న జిప్పు కవర్లు తొడగండి. కవరు అన్ని వైపులా మూసుకోవాలి. పైన పరిచి నాలుగు మూలలా ఎలాస్టిక్ తగిలించేది ఇందుకు పనికిరాదు.

3. దుప్పట్లూ గలీబులూ వారానికోసారి వేడినీళ్లలో పడాలి. వేడంటే 55 నుంచి 60 డిగ్రీలు, చెయ్యి పెడితే చటుక్కున వెనక్కి లాక్కునేంత. హీటరున్న వాషింగ్ మెషీనయితే 60 మీద పెట్టండి. బకెట్లో నానబెట్టేవాళ్లు పిల్లల్ని దూరంగా ఉంచి కర్రతో తిప్పండి. చన్నీళ్లలో ఉతికితే పెంట చాలావరకు పోతుంది కానీ పురుగు బతికే ఉంటుంది.

4. డాబా మీద మండుటెండ మనకి ఉచితంగా దొరికే మందు. పరుపు ఎండకి బాగా కాగితే లోపలి తడి ఆరి పురుగు చస్తుంది. చచ్చినా దాని పెంట మాత్రం అక్కడే ఉంటుంది. అందుకే కర్రతో దులపాలి. ఆయాసం ఉన్న మనిషి చేత దులిపించకండి, గాలివాటున నిలబెట్టకండి. మా ఇంట్లో ఆ పని నాది, ముక్కుకి తువ్వాలు కట్టుకుని.

5. ఈ పురుగు నీళ్లు తాగదు, గాలిలోని తడినే ఒంట్లోకి పీల్చుకుంటుంది. గాలిలో తేమ 50 శాతం లోపే ఉంటూ పోతే ఎండిపోయి చస్తుంది. సముద్రం ఒడ్డున అది కష్టమే. అయినా ముసురు రోజుల్లో పడగ్గదిలో తాళ్లు కట్టి తడిబట్టలు ఆరేయకుండా ఉండొచ్చు కదా! లేచిన వెంటనే పక్క మడతపెట్టకుండా, రాత్రి చెమట ఆరేదాకా పరిచి ఉంచండి. ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో కాసేపు తిప్పండి. హైదరాబాదులో మా అమ్మాయి వేసవి పొడిగా ఉంటుందని ధీమాగా ఉండేది. కిటికీలు మూసి ఎయిర్ కూలరు పెడితే ఆ పొడిదనం ఎక్కడ మిగులుతుంది?

6. చీపురుతో ఊడిస్తే లేచిన దుమ్ములో ఈ పెంట కాస్త బరువైనది, ఇరవై ముప్పై నిమిషాల్లో మళ్లీ కిందకి దిగుతుంది. తడిబట్టతో తుడవండి, పిల్లాణ్ణి ఆ కాసేపు బయట ఆడుకోనివ్వండి. ఎయిర్ ప్యూరిఫయర్ కొనమని సలహా ఇచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. గాలిలో నిలవని దాన్ని మూలనున్న యంత్రం ఎంతని లాగుతుంది? ఆ డబ్బుతో మంచి కవర్లు రెండు జతలు వస్తాయి.

7. పిల్లాడి బొచ్చు ఎలుగుబంటి బొమ్మలో పురుగు చావాలంటే దాన్ని సంచిలో కట్టి ఒక రోజంతా డీప్ ఫ్రీజర్లో పెట్టి, తర్వాత ఉతకండి. ఐస్‌క్రీమ్ పక్కన దాన్ని చూసి మా ఆయన ఇంకా నవ్వుతూనే ఉంటారు.

8. ఏదో ఒకటి చేసి చేతులు దులుపుకుంటే చాలదు. ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లకి కవర్లు ఒక్కటే తొడిగి చూస్తే పెద్దగా గుణం కనపడలేదని బ్రిటన్‌లో చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2003లో వచ్చింది. ఇవన్నీ కలిపి చేసినా తేడా తెలియడానికి నెలలు పట్టొచ్చు. ఈలోగా పక్క శుభ్రంగా ఉంది కదా అని డాక్టరు చెప్పకుండా ఇన్‌హేలరు మానిపించకండి.