అడవి లూపిన్

ఉత్తర అమెరికా తూర్పు భాగాన, ఓక్ చెట్లు పలచగా ఉన్న ఇసుక నేలల్లో అడవి లూపిన్ పెరుగుతుంది. ఇది చిక్కుడు కుటుంబపు మొక్క. వసంతం చివర నీలి పూలగుత్తులు నిటారుగా నిలుస్తాయి. కార్నర్ బ్లూ అనే చిన్న సీతాకోకచిలుక గొంగళిపురుగులకు దీని ఆకులే ఆహారం. చెట్లు దట్టమై నీడ కమ్మినచోట లూపిన్ తగ్గింది. దానితోపాటు సీతాకోకచిలుకా తగ్గింది. 1992లో అమెరికా ప్రభుత్వం దానిని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చింది.

పడమటి ప్రాంతపు పెద్దాకు లూపిన్‌ను తోటల్లో నాటగా, అది తూర్పున బయట కూడా వ్యాపించింది. రెండింటి పూలూ ఒకేలా కనబడతాయి. అందుచేత ఆకును పరిశీలించాలి. బూరుగు ఆకులో వలె పత్రకాలన్నీ ఒకేచోట నుండి విచ్చుకుంటాయి. అడవి లూపిన్‌లో అవి సాధారణంగా 7 నుండి 11. పెద్దాకు లూపిన్‌లో తరచు 11 నుండి 17. మొదటిది సుమారు రెండడుగులు, పొడి ఇసుకనేలది. రెండవది మూడు నాలుగడుగులు, తేమనేలది.

సీతాకోకచిలుకకు మేలు చేయగోరి పెద్దాకు లూపిన్ విత్తనాలు చల్లితే ప్రయోజనం లేదు. మొక్కను సరిగా గుర్తించడమే సంరక్షణకు తొలిమెట్టు.

ఆలోచించి చెప్పండి: ఒక లూపిన్ ఆకులో 11 పత్రకాలుంటే, ఇంకా ఏయే లక్షణాలు పరిశీలించాలి?