రాళ్ళ నగలో బంగారమెంత?

బిలాస్‌పూర్‌లోని తార్‌బహార్ ప్రాంతంలో రైల్వే కొలువుల మూలంగా స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నవి. అట్టి కుటుంబమునకు చెందిన ఒక తల్లి, కుమార్తె కళాశాల రుసుము కొరకు కెంపుల నెక్లెస్‌ను తాకట్టు పెట్టుటకై మా శాఖకు వచ్చారు. నగ తూకం 42 గ్రాములు. మదింపుదారు రాళ్ళకు, లోపలి లక్కకు 9 గ్రాములు తీసివేసి, నికర బంగారం 33 గ్రాములని వ్రాశాడు.

"అదేమిటి బాబూ! కొన్ననాడు నలభై రెండు గ్రాములకూ బంగారం ధరే కట్టాము గదా!" అన్నారామె. రసీదు చూపించారు. అందులో "నెక్లెస్, 42 గ్రా." అని తప్ప మరొక మాట లేదు. లక్కను కూడా బంగారం ధరకే కొన్నారన్నమాట. ఋణం చాలక మరునాడు చేతి గాజులు కూడా తేవలసి వచ్చింది.

బ్యాంకు రాళ్ళకు విలువ కట్టకపోవుట మదింపుదారు మొండితనం కాదు. రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో జారీ చేసిన ఆదేశాల ప్రకారం నగలోని బంగారం లేక వెండి విలువను మాత్రమే లెక్కించాలి. రత్నాల విలువను కలుపరాదు. వినియోగ ఋణాలలో 2.5 లక్షల రూపాయల వరకు ఆ విలువపై 85 శాతం, 5 లక్షల వరకు 80 శాతం, అంతకు మించితే 75 శాతం గరిష్ఠ పరిమితి.

ఇక లోహం సంగతి. మేలిమి బంగారం మెత్తనిది. రాయిని గట్టిగా పట్టి ఉంచలేదు. అందువల్ల రాగి, వెండి వంటివి కలుపుతారు. 22 క్యారట్లలో మేలిమి 91.6 శాతం, 18 క్యారట్లలో 75 శాతం. వజ్రాల నగలకు 18 క్యారట్లు వాడుట తప్పు కాదు, దానిని 22గా అమ్ముటయే తప్పు. పైన చెప్పిన 33 గ్రాములు 22 క్యారట్లదైతే మేలిమి సుమారు 30.2 గ్రాములు, 18 క్యారట్లదైతే 24.75 గ్రాములే. తెల్ల బంగారాన్ని ప్లాటినంగా భ్రమించేవారు కూడా ఉన్నారు. అది వేరు లోహాలు కలిపిన బంగారమే. రాయి విషయంలో క్యారట్ అనేది బరువు: 5 క్యారట్లు ఒక గ్రాము. ఒకే మాటకు రెండు అర్థాలుండుట కొందరు వర్తకులకు బాగా కలిసివచ్చింది!

2021 జూన్ 16 నుండి దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి అయినది. నగపై బి.ఐ.ఎస్. చిహ్నం, స్వచ్ఛత, ఆరు అక్షరాంకెల హెచ్.యు.ఐ.డి. ఉండాలి. ఆ సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. అయితే ఈ ముద్ర బంగారానికే గాని రాయికి కాదు. కృత్రిమ కెంపులు 1902లో వెర్నాయ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తన పద్ధతిని ప్రకటించిన నాటి నుండి విరివిగా తయారగుచున్నవి. కావున అమ్మమ్మ కాలపు నగ అయినంత మాత్రాన అందలి కెంపు సహజమైనదని తలపరాదు. రాయికి రత్న పరీక్షాశాల పత్రం వేరుగా ఉండాలి. పైగా కుందన్, పోల్కీ, జడావు నగలకు నిర్బంధ హాల్‌మార్క్ నుండి మినహాయింపు ఉన్నది. అట్టి వాటికి రసీదే ప్రధాన ఆధారం.

వర్తక మిత్రులకొక మాట. పొదిగిన పిదప రాయి బరువు తేల్చుట కష్టం. పొదుగుటకు ముందే తూచి, మొత్తం బరువు, రాళ్ళ బరువు, నికర బంగారం, స్వచ్ఛత, మజూరీ వేర్వేరుగా రసీదులో వ్రాయండి. హాల్‌మార్క్ నగకు నికర బరువు, స్వచ్ఛత చూపుట నిబంధన కూడా. రాళ్ళను తిరిగి కొనేటప్పుడు ఎంత ఇస్తారో ముందే చెప్పండి. తరువాత చెబితే తగవు.

గరియాబంద్ జిల్లాలో బెహ్రాదీహ్, పయలీఖండ్ వద్ద వజ్రాలున్న సంగతి ఛత్తీస్‌గఢ్‌లో అందరికీ తెలిసినదే. ఆ పేరు చెప్పి పొట్లాలలో ముడిరాళ్ళు తెచ్చేవారి వద్ద పత్రాలు లేకుండా కొన్న వర్తకుడు కేసులో ఇరుక్కుంటాడు. అట్టి సరుకుపై బ్యాంకు ఋణం ఇవ్వదు.

తాకట్టు పెట్టేవారు మదింపు జరిగేటప్పుడు ఎదుటనే ఉండాలి. రాళ్ళకు, లక్కకు ఎంత తీసివేశారో అడగండి. మొత్తం బరువు, నికర బరువు, స్వచ్ఛత, తగ్గింపులు చూపే పత్రాన్ని అడిగి తీసుకొని భద్రపరచుకొనండి. రేపు ఆ నగను అమ్మదలచినప్పుడు, దుకాణదారుతో బేరానికి కూర్చునే ముందు ఆ కాగితం చేతిలో ఉండాలి.